చెన్‌పీ డైరీ: గ్వాంగ్‌ఝౌ బాల్కనీలో కమలా తొక్కను పాతబరచడం, రెండేళ్ల లెక్కలతో

చెన్‌పీ అంటే ఎండబెట్టి ఏళ్ల తరబడి నిల్వ ఉంచిన కమలా తొక్క. చైనా మూలికా వైద్యంలో కడుపు ఉబ్బరానికి, అరుగుదలకి, కఫం పట్టిన దగ్గుకి దీన్ని వాడతారు. కొనుక్కోవాలంటే మేముండే దక్షిణ చైనా నగరం గ్వాంగ్‌ఝౌలో ప్రతి మందుల దుకాణంలోనూ దొరుకుతుంది. ఇంట్లో చేయాలనుకునేవాళ్లకి మాత్రం కాలక్రమంలో రాసిన లెక్కలు ఎక్కడా కనబడవు. "ఎండబెట్టి గోనె సంచిలో వేలాడదీయండి, ఎంత పాతబడితే అంత మంచిది" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఆ రెండు ముక్కల మధ్య ఎంత తొక్క బూజు పాలవుతుందో చెప్పరు. అందుకే ఈ డైరీలో బరువులు, తేమ అంకెలు ఎక్కువ ఉంటాయి.

2023 డిసెంబర్‌లో మొదలైంది. ఇది రాసేనాటికి 2025 నవంబర్.

సామాను

గ్రాము వరకు చూపే వంటింటి కాటా, చిన్న డిజిటల్ హైగ్రోమీటర్లు (గాలిలో తేమ శాతం చూపేవి) మూడు, వెదురు చాటలు, వంపు ఉన్న చిన్న కత్తి, రబ్బరు రింగు మూత ఉన్న గాజు జాడీలు, కొత్త గోనె సంచి, భూతద్దం. అన్నిటికన్నా పనికొచ్చింది హైగ్రోమీటరే.

కొత్త మీటర్ చూపే అంకెని ఊరికే నమ్మొద్దు. సరిచూసుకునే పద్ధతి ఇది:

1. ఒక చిన్న మూతలో ఉప్పు పోసి, ముద్దగా తడిసేంత మాత్రమే నీళ్లు చుక్కలుగా వేయాలి. ఉప్పు కరిగిపోకూడదు.
2. మూతని, మీటర్ని గాలి చొరబడని డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలేయాలి.
3. గది వేడి 25 డిగ్రీల దగ్గర ఉంటే మీటర్ 75 శాతం చూపాలి.

నా మూడింటిలో ఒకటి 71 చూపింది. దాని మీద "+4" అని చీటీ అంటించాను. కింద రాసిన అంకెలన్నీ అలా సరిచేసినవే.

మొదటి దశ: కాయ

గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం జియాంగ్‌మెన్ నగరంలోని షిన్‌హుయి జిల్లా చెన్‌పీకి పేరున్న చోటు. పెర్ల్ నది డెల్టాకి పడమటి అంచు అది. షీ నది, తాన్ నది నీళ్లూ సముద్రపు పోటూ కలిసే నేల. అక్కడ పెంచే రకం చాఝి కమలా. పండు కాస్త బల్లపరుపుగా ఉంటుంది, గింజలు ఎక్కువ, పులుపు ఎక్కువ. తినడానికి కాదు, తొక్క కోసమే పెంచుతారు. షిన్‌హుయి చెన్‌పీకి 2006లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుతో అమ్మాలంటే అక్కడి కాయ అయి ఉండాలి, అక్కడే కనీసం మూడేళ్లు పాతబడాలి. నాది గ్వాంగ్‌ఝౌ ఫ్లాట్‌లో పాతబడుతున్న తొక్క, కాబట్టి ఎన్నేళ్లయినా దాన్ని షిన్‌హుయి చెన్‌పీ అనను. ఆ పేరుకి ఉన్న గౌరవం అక్కడి రైతులది.

కాయ కోసే కాలాన్ని బట్టి తొక్క మూడు రకాలు. పచ్చగా ఉన్నప్పుడు కోస్తే ఘాటు, చేదు ఎక్కువ. సగం రంగు తిరిగినప్పుడు కోసింది మధ్యరకం. చలికాలంలో బాగా ఎర్రబడ్డాక కోస్తే తొక్క మందంగా, తియ్యటి వాసనతో ఉంటుంది, దాన్ని దాహోంగ్ అంటారు. నేను తెచ్చింది ఇదే. ఉత్తర గాలి పొడిగా వీచే కాలానికి అందేది కూడా ఇదే కాబట్టి బాల్కనీ పనికి ఇంకో రకం జోలికి పోవద్దని నా సలహా.

తెచ్చిన కాయలు: 20.0 కిలోలు
గీతలు, మచ్చలు, మెత్తబడ్డవి తీసేస్తే: 19.4 కిలోలు

రెండో దశ: కోత

ఒలవడంలో పద్ధతి ఉంది. తొక్క మూడు రేకులుగా విచ్చుకోవాలి, తొడిమ దగ్గర మాత్రం కలిసే ఉండాలి. అలా ఉంటే దండలా గుచ్చుకోవచ్చు, అన్ని వైపులా గాలి ఆడుతుంది, తర్వాత ఎవరైనా చూసినా ఒక కాయ తొక్క ఎంతో తెలుస్తుంది.

1. కాయని కడిగి, తుడిచి, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి.
2. తొడిమ కిందికి వచ్చేలా పట్టుకోవాలి.
3. పై నుంచి తొడిమ వైపుకి సమాన దూరంలో మూడు గాట్లు పెట్టాలి. తొడిమకి వేలెడు దూరంలో ఆపాలి.
4. కత్తి తొనకి తగలకూడదు. రసం అంటిన చోట తొక్క జిగురుగా ఉండి ఆలస్యంగా ఆరుతుంది.
5. బొటనవేలితో రేకులు విప్పి తొనల్ని బయటికి తీయాలి.

లోపలి తెల్లపొర గీకలేదు. 1596లో అచ్చయిన లీ షిఝెన్ మూలికా గ్రంథంలోనే ఈ తేడా ఉంది: కడుపుని సర్దే మందులో తెల్లపొర ఉంచాలి, కఫం తీసే మందులో తీసేయాలి. పొర తీసిన తొక్కని వేరే మందుగా, వేరే పేరుతో వాడతారు. నాకు కావలసింది మొదటిది.

వచ్చిన పచ్చి తొక్క: 4.56 కిలోలు (కాయ బరువులో 23.5 శాతం)

మిగిలిన తొనలు పద్నాలుగు కిలోల పైనే. రసం తీశాం, పంచాం, ఇంకా మిగిలింది. షిన్‌హుయిలో ఇదే పెద్ద ఎత్తున జరుగుతుంది. తొక్క తీసుకుని గుజ్జుని గట్ల మీద పారబోస్తే కాలవలు పాడయ్యేవి. ఇప్పుడు అక్కడ గుజ్జుతో వైన్, వెనిగర్, ఎరువు చేస్తున్నారు. ఇంట్లో చేసేవాళ్లు రసం ఏం చేయాలో ముందే అనుకుని కాయలు కొనండి.

మూడో దశ: వాడ్చడం, తిప్పడం, ఆరబెట్టడం

3.80 కిలోలు ఎండకీ గాలికీ, 0.76 కిలోలు ఓవెన్‌కీ విడదీశాను.

గాలి లాట్: మొదట నారింజ రంగు వైపు పైకి పెట్టి చాటల్లో పరిచాను. తొక్క వాడి మెత్తబడ్డాక రేకుల్ని వెనక్కి మడిచి, తెల్లపొర బయటికి వచ్చేలా తిప్పాలి. నూనె గ్రంథులున్న వైపు లోపలికి దాక్కుంటుంది, నేరుగా ఎండ తగలదు.

ఈ తిప్పే దశలోనే మొదటి దెబ్బ. బరువు 3.5 కిలోల దగ్గర ఉన్నప్పుడు తిప్పిన చాటలో తొక్కలు తొడిమ దగ్గర చీలిపోయాయి. చీలినవి విడి రేకులైపోయి గాలికి చాట బయట పడ్డాయి. మిగతా చాటల్ని ఆపి, మొత్తం బరువు 3.1 కిలోలకి దిగాక తిప్పితే ఒక్కటీ చీలలేదు. పచ్చి బరువులో ఐదో వంతుకి కాస్త తక్కువ తగ్గాక తిప్పాలన్నమాట. చేతి గుర్తు కావాలంటే, రేకుని వేలికి చుట్టితే చప్పుడు చేయకుండా చుట్టుకోవాలి.

ఆ డిసెంబర్‌లో బాల్కనీలో మధ్యాహ్నం తేమ 35 నుంచి 45 శాతం. చీకటి పడగానే చాటలు లోపలికి తెచ్చేవాళ్లం, ఎందుకంటే తెల్లవారుజామున అదే బాల్కనీలో 70 దాటేది.

ఓవెన్ లాట్: 60 డిగ్రీలు, ఫ్యాన్ వేసి, తలుపు వేలెడు తెరిచి. తొందరగా అయింది, కానీ అంచులు గోధుమరంగుకి తిరిగాయి. ఇల్లంతా కమలా వాసన కమ్ముకుంది. ఇంటికి వాసన వచ్చిందంటే తొక్కలోంచి నూనె పోయిందనే అర్థం. తాజా తొక్క నూనెలో ఎక్కువ భాగం లిమోనీన్, అది తేలిగ్గా ఎగిరిపోతుంది. షిన్‌హుయిలో యంత్రం వాడే చోట కూడా వేడిని సాధారణంగా 45 డిగ్రీలు దాటనివ్వరు. మళ్లీ చేస్తే 40 దగ్గర పెడతాను, వానల్లో మాత్రమే.

నాలుగో దశ: ఎప్పుడు ఎండినట్టు?

"విరిస్తే ఫట్‌మనాలి" అన్న గుర్తు చాలదు. రేకు అంచు ఫట్‌మంటుంది, తొడిమ దగ్గర మందం మాత్రం ఇంకా తోలులా ఉంటుంది.

చైనా ప్రభుత్వ మందుల ప్రమాణాల గ్రంథం ఫార్మకోపియా ప్రకారం చెన్‌పీలో నీరు 13 శాతం మించకూడదు. దాన్ని కొలిచే పద్ధతి టాలుయిన్ అనే ద్రావకంతో స్వేదనం చేయడం, ఇంట్లో అయ్యే పని కాదు. మామూలు ధాన్యంలా 105 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి తగ్గిన బరువంతా నీరే అనుకుంటే లెక్క తప్పుతుంది, నీటితోపాటు నూనె కూడా పోతుంది కదా. అందుకే జాడీ పద్ధతికి మారాను.

1. గాజు జాడీని ముప్పాతిక వంతు తొక్కలతో నింపాలి.
2. హైగ్రోమీటర్ లోపల పెట్టి మూత బిగించాలి.
3. అంకె కదలడం ఆగేదాకా ఆగాలి. పూటలో ఆగదు, మర్నాడు చూడాలి.
4. 65 పైన ఉంటే మళ్లీ చాటలోకి. 55 లోపు ఉంటే నిల్వకి.

65 దగ్గర గీత ఎందుకంటే, ఆ లోపు తేమలో చాలా బూజులు పెరగలేవు. పైన ఉన్న ప్రతి అంకె బూజుకి అవకాశం ఇచ్చినట్టే. తొక్క విషయంలో టెన్షన్ అంతా ఈ ఒక్క అంకె గురించే.

ఇప్పటిదాకా లెక్క (2024 జనవరి), గాలి లాట్‌ని గోనె, గాజు, ప్లాస్టిక్ అని మూడుగా పంచాక:
గోనె సంచి లాట్: 495 గ్రాములు, జాడీ అంకె 54
గాజు జాడీ లాట్: 400 గ్రాములు, 54
ప్లాస్టిక్ సంచి లాట్: 150 గ్రాములు, 71
ఓవెన్ లాట్: 200 గ్రాములు, 38, గాజు జాడీలో
మొత్తం: 1,245 గ్రాములు

ప్లాస్టిక్ లాట్‌ని 71 దగ్గరే కావాలని మూసేశాను. దుకాణాల్లో తోలులా వంగే తొక్కని జిప్ సంచిలో పెట్టి అమ్ముతుంటారు, అది ఎంతకాలం ఆగుతుందో చూడాలని.

ఐదో దశ: 2024 వసంతం

గ్వాంగ్‌డాంగ్‌లో మార్చి, ఏప్రిల్ నెలల్లో వచ్చే వాతావరణాన్ని హుయినాన్‌త్యెన్ అంటారు. చలికాలమంతా చల్లబడిన గోడల మీదికి దక్షిణ సముద్రం నుంచి వెచ్చటి తడిగాలి వచ్చి తగులుతుంది. గోడలు, నేల, అద్దాలు చెమరుస్తాయి. మెట్ల మీద నీళ్లు నిలుస్తాయి. ఆ ఏడాది ఏప్రిల్‌లో రాష్ట్రమంతా కుండపోత వానలు కూడా పడ్డాయి, బే నదికి వరదలొచ్చాయి. మా గదిలో తేమ 90కి పైనే ఉండిపోయింది.

మొదట ప్లాస్టిక్ లాట్ పోయింది. సంచి లోపలి వైపు నీటి చుక్కలు, తొడిమల చుట్టూ బూడిదరంగు బూజు. ముక్కు దగ్గర పెట్టుకోకుండానే మట్టి వాసన. 150 గ్రాములూ పారేశాను.

గోనె సంచి ఉత్తరపు గోడకి వేలాడుతోంది. పై నుంచి చూస్తే ఏమీ తేడా లేదు. కాటా మీద పెడితే 545 గ్రాములు! యాభై గ్రాముల నీటిని గాలిలోంచి తాగేసింది. లెక్క కడితే తొక్కలో నీరు దాదాపు 20 శాతం. జాడీలో పెడితే 78 చూపింది.

చాట మీద పరిచి ఒక్కో తొక్కా భూతద్దంతో చూశాను. ఇక్కడ జాగ్రత్త కావాలి, తెల్లగా కనబడిందల్లా బూజు కాదు. తెల్లపొర పోగులైతే టూత్‌పిక్‌తో గీకితే తొక్కతో పాటు వస్తాయి. బూజైతే దూదిలా లేచి ఉంటుంది, తుడిస్తే పోతుంది, తడి గోడ వాసన వేస్తుంది. గోడకి ఆనిన వైపు ఉన్న తొక్కల్లో తొడిమ గుంటల దగ్గర బూజు కనబడింది. 90 గ్రాములు తీసి పారేశాను.

కింది అంతస్తులో ఉండే షిన్‌హుయి పెద్దావిడ ఎండలో పెట్టి తుడిచేస్తే సరిపోతుందన్నారు. ఆవిడ చేతి వంట తిని మెచ్చుకున్నవాణ్ణే అయినా ఈ ఒక్క మాట వినలేదు. ఫార్మకోపియా చెన్‌పీలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషానికి హద్దు పెట్టింది: బి1 రకం కిలోకి 5 మైక్రోగ్రాములు, మొత్తం 10. ఈ విషం ఎండకి పోదు, మరిగిస్తే పోదు. ఏ బూజు దాన్ని చేసిందో, ఏది చేయలేదో ఇంట్లో కంటితో తేల్చలేం. మందుగా తాగబోయే వస్తువులో ఆ అనుమానం ఉండకూడదు. బూజు పట్టిన తొక్క మొత్తం పోవాలి, ముక్క కోసి మిగతాది ఉంచుకోవడం కూడా వద్దు.

మిగిలిన 455 గ్రాముల్ని 40 డిగ్రీల ఓవెన్‌లో, గాలిలో తేమ లాగే డీహ్యుమిడిఫైయర్ పెట్టిన చిన్న గదిలో మళ్లీ ఆరబెట్టాను. 413 దగ్గర ఆగింది, జాడీ అంకె 55.

గాజు జాడీ లాట్ 402 గ్రాములు. రెండే గ్రాములు పెరిగింది.

ఏం మార్చాను:

1. గోనె సంచి పొడి నెలల్లోనే, అంటే నవంబర్ నుంచి జనవరి దాకా. ఫిబ్రవరి మొదట్లోనే అంతా గాజులోకి మూసేయాలి.
2. ఏ పాత్రా గోడకి ఆనకూడదు, నేల మీద ఉండకూడదు.
3. ప్రతి జాడీలో ఒక మీటర్ ఎప్పుడూ ఉండాలి. మూత తీయకుండా అద్దంలోంచే చదవాలి.
4. 60 చూపితే అదే వారం బయటికి.

షిన్‌హుయిలో గోనె సంచుల్లో పెట్టే గిడ్డంగులకి తేమ, గాలి చూసుకునే మనుషులుంటారు. పద్ధతి తప్పు కాదు. ఫ్లాట్‌లో గిడ్డంగి ఉండదు, అంతే.

ఇప్పటిదాకా లెక్క (2024 మే): గోనె 413, జాడీ 402, ఓవెన్ 200. మొత్తం 1,015 గ్రాములు.

ఆరో దశ: పుచ్చు

ఆగస్టులో గోనె లాట్ ఉన్న జాడీ అడుగున గోధుమరంగు పొడి. తొక్కల్లో గుండుసూది మొనంత రంధ్రాలు. మూలికల్ని, మసాలా దినుసుల్ని తినే చిన్న గోధుమరంగు పురుగు. గోనెలో ఉన్నప్పుడే గుడ్లు పెట్టి ఉండాలి, మిగతా రెండు లాట్లలో లేదు.

28 గ్రాములు పుచ్చినవి తీసేశాను. మిగతావి రెండు సంచుల్లో గట్టిగా కట్టి డీప్ ఫ్రీజర్‌లో, మైనస్ 18 దగ్గర, వారం పైన ఉంచాను. బయటికి తీశాక సంచి చల్లదనం పూర్తిగా పోయేదాకా విప్పొద్దు. విప్పితే గాలిలో నీరు తొక్క మీదే చేరుతుంది.

మిగిలింది: గోనె 385, జాడీ 402, ఓవెన్ 200. మొత్తం 987.

ఏడో దశ: నవంబర్ ఎండ

2024 నవంబర్‌లో గాలి పొడిబారగానే అన్ని లాట్లూ బాల్కనీలో పరిచాను. మధ్యాహ్నం తేమ 35. గోనె 372, జాడీ 387, ఓవెన్ 198కి దిగాయి. మొత్తం 957. జాడీ అంకెలు అన్నీ 40 చుట్టూ. పైన మల్లు గుడ్డ కప్పాను, నేరు ఎండకి రంగు వెలిసిపోకుండా.

2025 వసంతం ఏ నష్టం లేకుండా దాటింది. మీటర్లు 44 పైకి పోలేదు. ఆ సంవత్సరం గురించి రాయడానికి ఇంకేమీ లేదు, అదే కావలసింది.

రంగు, వాసన, వాడకం

రెండేళ్లకి గాలి లాట్ల నారింజ రంగు ఇటుకరంగు వైపు తిరిగింది. తాజా తొక్క వాసనలోని పదును తగ్గింది. ఓవెన్ లాట్ చూడటానికి అందరికన్నా పాతగా, గోధుమరంగులో ఉంది, వాసన మాత్రం పలచన. దీన్నిబట్టి రంగుతో వయసు చెప్పడం కుదరదని గట్టిగా అనగలను. బజార్లో తొక్కని ఆవిరి పెట్టి, టీ నీళ్లలో తడిపి ముదురు రంగు తెప్పించి పాతదని అమ్మే మోసం ఉంది. గ్వాంగ్‌ఝౌ చింగ్‌పింగ్ మార్కెట్‌లో కొనేటప్పుడు అన్ని తొక్కలూ ఒకే నలుపులో ఉంటే నేను పక్క కొట్టుకి వెళ్తాను.

పాతదే ఎందుకు మేలంటే, తాజా తొక్కలో ఉన్న దుడుకు కాలంతో తగ్గుతుందని ఇక్కడి వైద్యుల వివరణ. క్రీ.శ. ఐదు-ఆరో శతాబ్దాల వైద్యుడు తావో హోంగ్‌జింగ్ అప్పటికే పాత తొక్క మంచిదన్నాడు. సాంగ్ రాజవంశ కాలపు ఎర్‌చెన్ కషాయంలో చెన్‌పీ, పినెల్లియా దుంప రెండూ పాతవే వాడాలి, వాటికి ఫూలింగ్ శిలీంధ్రం, అతిమధురం కలుస్తాయి. మన ఇళ్లలో జ్వరం తగ్గినవాళ్లకి కొత్త ఊరగాయ కాకుండా నల్లబడ్డ పాత నిమ్మకాయ ఊరగాయనే పథ్యంగా పెట్టినట్టు. రసాయనం వైపు నుంచి చూస్తే ఎగిరిపోయే నూనె తగ్గుతుంది, హెస్పెరిడిన్, నోబిలెటిన్ లాంటి ఫ్లావనాయిడ్లు అనే మొక్కల రసాయనాలు మిగులుతాయి. ఫార్మకోపియా కొలిచేది వాటినే. సాధారణ చెన్‌పీలో హెస్పెరిడిన్ 3.5 శాతం ఉండాలంటుంది, చాఝి తొక్కకి 2 శాతం చాలంటుంది, కానీ నోబిలెటిన్, టాంజెరెటిన్ కలిపి 0.42 శాతం తప్పనిసరి. పేరున్న తొక్కకి హెస్పెరిడిన్ హద్దు తక్కువగా ఉండటం గమనించదగ్గది. ఒక్క రసాయనం పేరుతో "మా తొక్కలో ఎక్కువ" అనే ప్రకటనలకి అది చాలిన జవాబు.

కషాయానికి రోజుకి 3 నుంచి 10 గ్రాములు అన్నది ఫార్మకోపియా మోతాదు. ఇది వెచ్చచేసే, ఆరబెట్టే మందని ఇక్కడి వైద్యం లెక్క. అందుకే కఫం లేని పొడి దగ్గుకి, నోరు ఎండిపోతున్నవాళ్లకి ఇవ్వరు. మేం ఇంట్లో వాడేది అంతకన్నా తక్కువ: ఒక రేకు నానబెట్టి, అల్లం ముక్కతో మరిగించి, భోజనం భారంగా అనిపించిన రోజున. ఎర్ర చిక్కుడు గింజల తియ్యటి జావలో కూడా ఒక రేకు. దీనికి ఓవెన్ లాట్ వాడుతున్నాం, 60 గ్రాములు ఖర్చయింది. దగ్గు వారాలు దాటితే, రోజూ వేరే మందులు వేసుకుంటుంటే డాక్టర్ని అడగాల్సిందే.

మన ఊళ్లలో చేయాలనుకునేవాళ్లకి

నాగపూర్ కమలా కూడా ఇదే జాతి, సిట్రస్ రెటిక్యులేటా. తొక్క వదులుగా ఉంటుంది, మూడు రేకుల కోత కుదురుతుంది. చాఝి వాసన రాదు, కానీ పని అంతా ఇదే. అనంతపురం, నల్గొండ బత్తాయి వేరే జాతి, దాని తొక్క దీనికి పనికిరాదు. అసలు చూడాల్సింది తొక్క మీద ఏముందన్నది. దుకాణంలో నిగనిగలాడే పండుకి మైనం, కుళ్లకుండా మందు పూసి ఉండొచ్చు, ఎండబెడితే ఆ మందు మరింత చిక్కబడుతుంది. తోటలో నేరుగా కోసిన, మందు కొట్టి చాలాకాలమైన కాయ దొరికితేనే మొదలుపెట్టండి. కాకినాడ, విశాఖ వైపు ఉంటే గోనె సంచి ఆలోచన వదిలి గాజుతోనే పోండి. అనంతపురంలో అయితే నాకు పడ్డ కష్టంలో సగం ఉండదు.

ఇప్పటిదాకా లెక్క (2025 నవంబర్, ఎండ తర్వాత)

గోనె లాట్: 370 గ్రాములు
గాజు జాడీ లాట్: 384 గ్రాములు
ఓవెన్ లాట్: 138 గ్రాములు
మొత్తం: 892 గ్రాములు
పోయినవి: బూజుకి 240, పుచ్చుకి 28

తర్వాతి పని: జనవరిలో గోనె, జాడీ లాట్లు రెండూ చెరి సగం చేసి, ఒక సగం మూత తీయకుండా, ఇంకో సగం పొడి రోజుల్లో వారానికోసారి మూత తీసి గాలి ఆడనిచ్చి ఉంచాలి. మూసిన జాడీలో వాసన తక్కువ మారిందని ఇంట్లో అందరికీ అనిపిస్తోంది, అది నిజమో కాదో 2026 డిసెంబర్‌లో పక్కపక్కన మరిగించి చూస్తాం. ఫిబ్రవరి రాకముందే మీటర్ల బ్యాటరీలు మార్చి, ఉప్పు పరీక్ష మళ్లీ చేయాలి.